బండకు ఫొటో తీయాలంటే: కొలబద్ద, దిక్కు, పొద్దు

కడప జిల్లా గండికోట లోయ నుంచి నేను మొదటిసారి తెచ్చిన 140 ఫొటోల్లో రాళ్ళ సర్వే రిపోర్టుకెక్కినవి మూడే. మిగతావి బాగాలేక కాదు. ఎర్రటి గోడలు, కింద పెన్న, నీళ్ళ మీద పొద్దు. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. ఆఫీసులో మా సీనియర్ మాత్రం ఒక్కొక్కటీ తిప్పుతూ రెండే ప్రశ్నలు అడిగారు. "ఇదెంత ఉంటుంది? ఎటు తిరిగి తీశావు?" దేనికీ జవాబు లేదు. ఒక పగులు ఫొటో ఉంది, అది వేలు పట్టే నెర్రెనా, మనిషి దూరే సందా అన్నది తీసిన నాకే గుర్తు రాలేదు. మళ్ళీ హైదరాబాదు నుంచి రాత్రంతా ప్రయాణం. ఈసారి నా ఖర్చుతో.

అది జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. హబ్సిగూడలో ఉంటాను, రాళ్ళ సర్వేలే నా వృత్తి. కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పేది ఒకటే: మీ ఫొటో చూసినవాడు అక్కడికి పోకుండానే రాయిని కొలవగలగాలి, పోవాలనుకుంటే మీరు నిలబడ్డ చోటే నిలబడగలగాలి. అందం దాని వెనకే వస్తుంది, రాకపోయినా రిపోర్టు ఆగదు.

నేర్చుకోవడానికి నేరుగా లోయకు పరిగెత్తకండి. మన హైదరాబాదులోనే 250 కోట్ల ఏళ్ళ గ్రానైటు మీద ఇళ్ళు కట్టుకుని కూచున్నాం. ఖాజాగూడ గుట్టలు, మౌలాలి, గోల్కొండ కోట చుట్టూ బండలు, సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు రాయి. ఆదివారం పొద్దున్న ఆరింటికల్లా ఖాజాగూడ చేరండి. అక్కడ గుండ్లు ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడుతుంటాయి, బూడిదరంగు బండను అడ్డంగా కోసుకుంటూ లేత గులాబీ రంగు పట్టీలు పోతుంటాయి. ఆ పట్టీ పేరు పెగ్మటైటు. బండ గట్టిపడ్డాక దాని పగుళ్ళలోకి ఎక్కి పెద్ద పెద్ద పలుకులుగా చల్లారిన రాయి. దాన్ని సరిగ్గా ఫొటో తీయడం వచ్చిందంటే సగం పని వచ్చినట్టే.

ఎలా తీయాలో చెప్తాను. ముందు బండ మొత్తం, చుట్టుపక్కల గుట్టతో సహా, దూరం నుంచి ఒకటి. తర్వాత నాలుగడుగుల దూరంలో, పట్టీ ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో తెలిసేలా ఒకటి. చివరికి చేతికందే దూరంలో, పట్టీకీ బండకూ మధ్య అంచు కనిపించేలా ఒకటి. చాలామంది మూడోది మాత్రమే తెస్తారు. మొదటి రెండూ లేకపోతే అది ఏ ఊరి రాయో దేవుడికే ఎరుక.

మూడింట్లోనూ కొలబద్ద ఉండాలి. దగ్గరి ఫొటోకు 10 సెంటీమీటర్ల నలుపు తెలుపు గళ్ళ అట్టముక్క చాలు, ప్రింటు తీసి లామినేట్ చేయించుకోండి. గ్లాసీది వద్దు, ఎండకు మెరిసి గళ్ళు కనబడవు. అట్ట మర్చిపోయిన రోజు పది రూపాయల బిళ్ళ పెట్టండి, వ్యాసం 27 మిల్లీమీటర్లు. పెన్నులు, మూతలు, గుట్కా పొట్లాలు మాత్రం పెట్టకండి (చూశాను కాబట్టే చెప్తున్నా). కొలబద్ద ఎక్కడ పెడుతున్నామన్నది ఇంకా ముఖ్యం. మీరు చూపించదలచిన తలం మీదే ఆనించాలి. రెండు జానలు ముందుకు జరిగితే అది పెద్దదిగా, రాయి చిన్నదిగా కనిపిస్తుంది, కొలత అబద్ధమైపోతుంది. అసలు విషయం మీద కప్పకూడదు, మరీ మూలకూ పోకూడదు, మూలల్లో లెన్సు గీతల్ని వంచుతుంది. మధ్య దూరానికి సుత్తి పెడతాం. నా సుత్తి పొడవు 33 సెంటీమీటర్లు, పిడి ఎప్పుడూ ఉత్తరానికి తిప్పి పెడతాను. కొలతా దిక్కూ ఒకే వస్తువులో కలిసొస్తాయి.

ఇక పెద్ద గోడలకు మనిషే కొలబద్ద. మా డ్రైవరన్న ఎత్తు 170 సెంటీమీటర్లు. పన్నెండేళ్ళుగా నా రిపోర్టుల్లో నిలబడుతూనే ఉన్నాడు. ఓసారి ఎండలో చిరాకొచ్చి, "జీతం బండి నడిపినందుకిస్తున్నరా మేడం, బండ పక్కన నిలబడ్డందుకిస్తున్నరా?" అన్నాడు. రెండింటికీ అన్నాను. అయితే పెంచమన్నాడు.

దిక్సూచి వాడేటప్పుడు ఒక మాట. సుత్తి చేతిలో పట్టుకుని దిక్కు చూడకండి, ఇనుము ముల్లును లాగేస్తుంది. మన గ్రానైటులో అక్కడక్కడా నల్లరాతి గోడల్లా సాగే డోలరైటు డైకుల దగ్గరా అంతే, వాటిలోని మాగ్నెటైటు అనే ఇనుప ఖనిజం ముల్లును పక్కకు తిప్పుతుంది. ఫోనులో దిక్సూచికీ ఇదే రోగం, పైగా కవరులో అయస్కాంతం ఉంటే చెప్పనక్కర్లేదు. అనుమానమొస్తే పదడుగులు దూరం పోయి మళ్ళీ చూడండి.

పొద్దు సంగతికొస్తే నేను కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే నేను పోగొట్టుకున్న ఫొటోలన్నీ దీనివల్లే. గండికోట గోడల రాయి క్వార్ట్‌జైట్. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన కిందట లోతులేని నీటి అడుగున పరుచుకున్న ఇసుక అది. ఆ నీళ్ళు ఇసుక మీద వేసిన అలల గీతలు కొన్ని పలకల మీద ఇప్పటికీ ఉన్నాయి, చెరువు ఒడ్డున కనబడే ముడతల్లాంటివే. ఒక పలక దగ్గర పొద్దున్న ఆరున్నరకు నిలబడ్డాను. ఎండ పక్కనుంచి, దాదాపు పలకను రాసుకుంటూ పడుతోంది. ఒక్కో ముడతకూ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ. వేలితో తడిమినట్టు కనిపిస్తోంది. సరే, టిఫిను చేసి వద్దామని పోయి పదింటికి తిరిగొచ్చాను. పలక అదే, ముడతలు మాయం. పైనుంచి ఎండ పడితే గరుకంతా చదునైపోతుంది. అప్పటి నుంచి ఉపరితలం మీద గీతలు, ముడతలు, ఎండి పగిలిన బురద గుర్తులు ఉంటే పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలోనే తీస్తాను. ఆ వేళ దాటిపోతే పలక మీద గొడుగు పట్టించి, పక్కనుంచి కారు అద్దానికి పెట్టే వెండిరంగు షీటుతో వెలుగు విసురుతాం. అచ్చం ఎండలా ఉండదు గానీ ముడత తేలుతుంది.

రంగూ పలుకులూ చూపించాలంటే దీనికి సరిగ్గా తిరగేసి ఆలోచించాలి. అప్పుడు ఎండ శత్రువు. గ్రానైటులో గులాబీ ఫెల్‌స్పార్, గాజులాంటి పలుగురాయి, నల్లటి అభ్రకం వేరువేరుగా తెలియాలంటే గొడుగు నీడలో మెత్తటి వెలుగు కావాలి. సీసాలో నీళ్ళు కాసిని చల్లండి. తడిసిన రాయిలో రంగులు లేచి వస్తాయి, చేతిలోకి తీసుకున్న రాతి ముక్కను కడిగి చూసినట్టే. అయితే పొడిగా ఉన్నప్పుడు కూడా ఒకటి తీసి, ఏది తడిదో నోటుబుక్కులో రాయండి. లేకపోతే రిపోర్టు చదివినవాడు రెండు రాళ్ళనుకుంటాడు. నాచు గీకకండి. సుత్తితో కొత్త ముఖం కొట్టాలనిపిస్తే రోడ్డు కోసం తొలిచిన చోట కొట్టుకోండి, కోట గోడల దగ్గరా జనం చూడ్డానికి వచ్చే గుండ్ల మీదా కాదు.

లోయ గోడకు పొద్దు ఎప్పుడు పడుతుందో క్యాలెండరు చెప్తుంది. గండికోట అక్షాంశం 15 డిగ్రీలకు కాస్త తక్కువ. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, కాబట్టి దక్షిణం చూసే గోడలు రోజంతా వెలుగుతాయి, ఉత్తరం చూసే గోడలు నీడలో మగ్గుతాయి. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు రెండో వారం దాకా లెక్క తిరగబడుతుంది. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరాన ఉంటాడు. ఉత్తరం చూసే గోడ ఫొటో కావాలంటే ఆ నెలల్లోనే వెళ్ళాలి, ఎండదెబ్బ తగలకుండా. ముందురోజు సాయంత్రం గోడ ఎటు చూస్తోందో దిక్సూచితో కొలిచి పెట్టుకుంటే మర్నాడు తెల్లారి పరుగులుండవు.

వాలు చూపించడంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. గండికోటలో పొరలు దాదాపు బల్లపరుపు, వాటిని నిలువు పగుళ్ళు కోయడంతో గోడ ఇటుకలు పేర్చినట్టుంటుంది. అక్కడ కెమెరా రెండు డిగ్రీలు ఒరిగినా పొరలే ఒరిగాయనిపిస్తుంది. అందుకే దారానికి తాళంచెవుల గుత్తి కట్టి ఫ్రేములో ఓ పక్కన వేలాడదీస్తాను. దానికి మించిన సాక్ష్యం లేదు. పొరలు నిజంగా వాలిన చోట, పొర సాగే దిక్కు వెంబడి చూస్తూ తీయండి. పక్కకు జరిగి తీస్తే 30 డిగ్రీల వాలు 15లా కనబడుతుంది, వాలుకు ఎదురుగా నిలబడితే సమతలంగానే ఉందనిపిస్తుంది.

అవతలి గోడ మీద మనిషిని నిలబెట్టలేం, నిలబెట్టినా చీమంత ఉంటాడు. అక్కడ లెక్కే కొలబద్ద. దూరాన్ని సెన్సరు (కెమెరాలో బొమ్మ పడే పలక) వెడల్పుతో గుణించి, లెన్సు మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు వెడల్పు 36 మిల్లీమీటర్లు. 50 మిల్లీమీటర్ల లెన్సుతో 100 మీటర్ల దూరంలోని గోడ తీస్తే ఫ్రేములో పట్టేది 72 మీటర్లు. ఫొటో వెడల్పు 6,000 పిక్సెళ్ళయితే ఒక్కో పిక్సెలు 1.2 సెంటీమీటర్లు. ఇక పొర మందం కంప్యూటరు మీద కూచుని కొలుచుకోవచ్చు. గోడకు కెమెరా సూటిగా ఉంటేనే ఇది చెల్లుతుంది. దూరానికి లేజరు రేంజ్‌ఫైండరు మేలు. జూమ్ లెన్సయితే ఒక దగ్గర పెట్టి టేపు అంటించేయండి. ఎపర్చరు (లెన్సులో వెలుగు వచ్చే కన్నం) ఎఫ్ 8 దగ్గర, రా ఫైలు (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైలు), ట్రైపాడు. ఇంతకు మించి సెట్టింగుల గురించి నాకు పెద్ద పట్టింపుల్లేవు.

గోడ మొత్తాన్ని త్రీడీ నమూనాగా చేయాలంటే ఒకే చోట నిలబడి తల తిప్పినట్టు తీయకండి. అది పనోరమాకు సరిపోతుంది, కొలతకు పనికిరాదు. గోడకు సమాంతరంగా అడుగులు వేస్తూ, ఒక ఫొటోకూ తర్వాతి దానికీ 70 నుంచి 80 శాతం కలిసేలా తీయాలి. ఎండ మారకముందే అరగంటలో ముగించండి. డ్రోను తెస్తే 2021 డ్రోన్ నిబంధనలు, డ్రోన్లు ఎక్కడ ఎగరొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో ముందే చూసుకోండి. పాత కట్టడాల దగ్గర విడిగా అనుమతి అడగాలి. లోయ అంచున కన్ను వ్యూఫైండరులో పెట్టి ఒక్క అడుగు కూడా వేయకండి, ముందుకైనా వెనక్కైనా. గోడకు తేనెపట్టు కనిపిస్తే ఆ రోజుకు ఆ గోడ లేనట్టే.

నోటుబుక్కు దగ్గర బద్ధకం పనికిరాదు. ప్రతి చోటా మొదటి ఫొటో నా నోటుబుక్కు పేజీదే. అందులో తేదీ, జీపీఎస్ అంకెలు, కెమెరా చూస్తున్న దిక్కు, లెన్సు, నేల నుంచి కెమెరా ఎత్తు రాసి ఉంటాయి. ఆ తర్వాతి ఫొటోలన్నీ ఆ పేజీవే. ఫొటో మీద గీతలు గీయాలంటే కాపీ మీద గీయండి, అసలుది ముట్టుకోవద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజూ తగ్గిపోతుంది, జీపీఎస్ వివరాలూ పోతాయి. డాక్యుమెంటుగా పంపండి.

ఇంత చాదస్తం దేనికంటారా? 1889, 1890లలో అమెరికాలో కొలరాడో నది లోయల వెంట రైలుమార్గం వేయొచ్చేమో చూడమని ఒక సర్వే బృందం పోయింది. దాని ఫొటోగ్రాఫరు ఫ్రాంక్లిన్ నిమ్స్ 1890 జనవరి 1న బండ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇంజనీరు రాబర్ట్ స్టాంటన్ కెమెరా తనే అందుకుని మిగతా లోయంతా తీసుకుంటూ పోయాడు. రైలుమార్గం రాలేదు. కానీ నూరేళ్ళ తర్వాత భూగర్భ శాస్త్రజ్ఞులు అవే చోట్ల నిలబడి మళ్ళీ ఫొటోలు తీసి, ఏ రాయి కదిలిందో, ఏ ఇసుక మేట పోయిందో పక్కపక్కన పెట్టి చూపించగలిగారు.

మనకైతే నూరేళ్ళు ఆగనక్కర్లేదు, హైదరాబాదులో పదేళ్ళకే గుట్ట అపార్టుమెంటవుతోంది. కాబట్టి పాత ఫొటో ప్రింటు చేత్తో పట్టుకుని మళ్ళీ వెళ్ళండి. దగ్గరి గుండు అంచు వెనకాల దూరంలోని గుట్ట ఏ మూలకు తగిలి కనబడుతోందో ఫొటోలో చూసి, అది కుదిరేదాకా కుడి ఎడమలకు జరగండి. తర్వాత రెండు గుండ్ల మధ్య సందు ఫొటోలో ఉన్నంతే కనిపించేదాకా ముందుకు వెనక్కు. రెండూ కుదిరిన చోటే మీరు అప్పుడు నిలబడ్డ చోటు. నెలా వేళా కూడా అవే ఉంటే నీడలు కలుస్తాయి.

పోయిన డిసెంబరులో ఖాజాగూడలో పాత ఫొటో ఒకటి ఇలాగే మళ్ళీ తీశాం. ఎడమ పక్క గుండ్లలో రెండు లేవు. డ్రైవరన్న పాత చోటే నిలబడ్డాడు గానీ ఈమధ్య ఎండకు టోపీ పెడుతున్నాడు, కొలిస్తే 8 సెంటీమీటర్లు ఎక్కువొచ్చింది. టోపీ తీయించి మళ్ళీ తీశాను.