గ్రానైట్ కోత మొదలుపెట్టే ముందు చెవుల జాగ్రత్తలు

చిత్తూరు చుట్టుపక్కల గ్రానైట్ యూనిట్లలో పనిచేసే అన్నలు, కట్టర్ స్విచ్ వేసే ముందు ఇవి చూసుకోండి.

• దూది చాలదు, ఫోమ్ ఇయర్‌ప్లగ్ కావాలి. శుభ్రమైన చేత్తో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి లోపలికి దూర్చండి. ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టండి. సగం బయటికి కనిపిస్తుంటే తీసి మళ్లీ పెట్టాల్సిందే. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

• ఇయర్‌మఫ్ (చెవి మొత్తాన్ని కప్పే కవర్) కింద తలగుడ్డ అడ్డం రాకూడదు.

• కట్టర్ బ్లేడుపై ఉండే గార్డు (రక్షణ కవచం) బోల్టులు బిగించండి. వదులైతే మోత పెరుగుతుంది.

• చెవికి రక్షణ లేకుండా 90 డెసిబుల్స్ మోతలో రోజుకు 8 గంటలు, 95లో 4 గంటలే మన ఫ్యాక్టరీ నిబంధనల పరిమితి. వంతులు ముందే రాసుకోండి.

• నిన్నటి పని తర్వాత చెవిలో ఇంకా గుయ్యిమంటోందా? దయచేసి ఈరోజు కట్టర్ దగ్గరికి పోవద్దు. సూపర్‌వైజర్‌కి చెప్పి, డాక్టర్‌కి చూపించుకోండి.

• ప్లగ్ పెట్టుకున్నాక కేక వినపడకపోవచ్చు. మిషన్ ఆపమనే చేతి సైగ ముందే అనుకోండి.