ఆగి ఉన్న రోబో దగ్గరకు వెళ్లేటప్పుడు: శిక్షణలో పాటించవలసిన జాగ్రత్తలు

పాలిటెక్నిక్‌లలోను, ఇంజనీరింగ్ కళాశాలల్లోను ఆరు అక్షాల రోబో చేయిపై శిక్షణ పొందే విద్యార్థులు అది కదులుతున్నంతసేపు దూరంగానే ఉంటారు, ఆగగానే దగ్గరకు వెళతారు. ప్రమాదం అక్కడే ఉంది. సెన్సర్ సంకేతం కోసం ఎదురుచూస్తూ ఆగిన రోబోకూ, కరెంటు తీసేసిన రోబోకూ చూడటానికి తేడా ఏమీ కనిపించదు. 1979 జనవరి 25న అమెరికాలోని మిషిగన్‌లో, ఫోర్డ్ కాస్టింగ్ కర్మాగారంలో విడిభాగాల కోసం ర్యాక్ ఎక్కిన రాబర్ట్ విలియమ్స్ అనే కార్మికుడు రోబో చేయి తగిలి మరణించాడు.

రోబో చుట్టూ ఉండే రక్షణ కంచె లోపలికి వెళ్లవలసి వచ్చినప్పుడు ముందుగా మోడ్ స్విచ్‌ను మాన్యువల్‌కు తిప్పి, దాని తాళంచెవిని తీసి జేబులో వేసుకోవాలి. టీచ్ పెండెంట్, అంటే రోబోను నడిపే బటన్లున్న చేతి పరికరం, లోపలికి వెళ్లేవారి చేతిలోనే ఉండాలి. బయట నిలబడిన మిత్రుడు బటన్లు నొక్కుతుంటే లోపల ఒకరు కొలతలు చూడటం ఎంత మాత్రం తగదు. తక్కువ వేగపు మాన్యువల్ మోడ్‌లో చేయి కొన వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లు మించదు. ఇది నెమ్మదిగానే అనిపిస్తుంది గాని, రెండడుగుల దూరాన్ని రెండున్నర సెకన్లలోపే దాటేస్తుంది. కాబట్టి కంచెకు గాని గోడకు గాని వీపు ఆనించి నిలబడకుండా, రోబోకు ఎదురుగా, వెనక్కి తప్పుకునే దారి ఖాళీగా ఉండేలా నిలబడాలి.

పెండెంట్ వెనుక ఉండే ఎనేబుల్ స్విచ్‌కు మూడు స్థానాలుంటాయి. మధ్య స్థానంలో పట్టుకున్నప్పుడే మోటార్లు పనిచేస్తాయి. వదిలేసినా ఆగుతాయి, గట్టిగా బిగించినా ఆగుతాయి. భయపడినప్పుడు కొందరి చేయి పట్టు వదిలేస్తుంది, మరికొందరి చేయి మరింత బిగుసుకుంటుంది గనుకనే ఈ ఏర్పాటు. వేలు నొప్పి పెడుతోందని దానికి టేపు చుట్టేవారిని ఆ రోజుకు శిక్షణ నుంచి పంపించివేయడమే సరైన పని అని నా అభిప్రాయం. తరగతి మొదలుపెట్టే ముందు ఈ రెండు విధాలుగానూ రోబో ఆగుతోందో లేదో, ఎమర్జెన్సీ స్టాప్ బటన్లు ఒక్కొక్కటీ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించాలి.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది దిశల విషయంలో. ఎక్స్ ప్లస్ బటన్ నొక్కితే చేయి ఎటు కదులుతుందన్నది ఎంచుకున్న కోఆర్డినేట్ వ్యవస్థను బట్టి మారుతుంది: రోబో పీఠాన్ని ఆధారంగా తీసుకునే బేస్‌లో ఒకవైపు, చేయి కొనకు బిగించిన పనిముట్టును ఆధారంగా తీసుకునే టూల్‌లో మరోవైపు, జాయింట్ మోడ్‌లో ఒక్కో కీలు విడిగా తిరుగుతుంది. అందువల్ల తెరపై ఏది ఎంపికైందో పైకి చదివి, వేగం పది శాతానికి తగ్గించి, బటన్‌ను ఒక్క క్షణం మాత్రమే తాకి, చేయి అనుకున్న వైపే కదిలిందని కంటితో చూశాకే ముందుకు సాగాలి.

చున్నీ, గాజులు, మెడలో వేలాడే ఐడీ కార్డు తీసివేయాలి, జుట్టు ముడివేసుకోవాలి, కళ్లకు రక్షణ అద్దాలు, బూట్లు తప్పనిసరి.

గ్రిప్పర్‌ను (చేయి కొనలో వస్తువును పట్టుకునే భాగాన్ని) విప్పడం వంటి పనులకు మాన్యువల్ మోడ్ సరిపోదు. మెయిన్ స్విచ్ ఆపి, పనిచేసే ప్రతి ఒక్కరూ ఆ స్విచ్‌కు తమ తాళం తాము వేసి, గాలి గొట్టాల్లో మిగిలిన ఒత్తిడిని పూర్తిగా వదిలేయాలి. కరెంటు పోయినా కంట్రోలర్‌లోని (రోబోను నడిపే విద్యుత్ పెట్టెలోని) కెపాసిటర్లలో ఛార్జి కొంతసేపు నిలిచి ఉంటుంది; తయారీదారు పుస్తకంలో చెప్పినన్ని నిమిషాలు ఆగాకే దాని తలుపు తెరవాలి.

చేయికింద ఎవరైనా చిక్కుకుంటే ఎమర్జెన్సీ స్టాప్ నొక్కడంతో పని పూర్తి కాదు, ఎందుకంటే బ్రేకులు పడి చేయి ఆ మనిషిని అలాగే నొక్కి ఉంచుతుంది. బ్రేకు విడుదల చేసే మీట ఎక్కడుందో, దాన్ని నొక్కగానే ఏ కీలు బరువుకు కిందికి జారుతుందో మొదటి తరగతిలోనే, లోపల ఎవరూ లేనప్పుడు, చేయికి కింద ఆధారం పెట్టి శిక్షకుడు చేసి చూపించాలి. ఆ తరువాత విద్యార్థులందరి చేతా ఒక్కొక్కరుగా చేయించాలి.