ఎక్స్‌ఎఫ్-90 పేపర్ మోడల్: వంకర ముక్కు ఎలా సరైందంటే

లాక్‌హీడ్ ఎక్స్‌ఎఫ్-90 అంటే 1949లో తొలిసారి ఎగిరిన దూరశ్రేణి ఎస్కార్ట్ ఫైటర్, అంటే బాంబర్లకి రక్షణగా వెంట వెళ్లే యుద్ధవిమానం. తయారైనవి రెండే. దాని అందమంతా సూది ముక్కులోనే ఉంది, నన్ను ఏడిపించిందీ అదే. 1:50 స్కేల్‌లో కాగితంతో చుట్టిన ప్రతిసారీ అతుకు దగ్గర ఉబ్బి, కొస ఒక పక్కకి తిరిగేది.

పల్చటి కాగితం, సూపర్ గ్లూ, లోపల దూది... ఏదీ పనిచేయలేదు.

చివరికి ముక్కు భాగాన్ని కత్తిరించకముందే, షీటు మీద ఉండగానే, వెనక నుంచి అల్లిక సూదితో నాలుగైదుసార్లు రుద్ది వంపు తెచ్చాను. తర్వాత కత్తిరించి, అతికించే చెవిని (అతుకు కోసం అంచున వదిలే పట్టీని) పూర్తిగా తీసేశాను. ఉబ్బుకి కారణం ఆ రెండు పొరల మందమే! దాని బదులు లోపల 4 మి.మీ. తెల్లకాగితం పట్టీ పెట్టి, అంచుకి అంచు ఆనించి, వెడల్పు వైపు నుంచి కొసకి కొద్దికొద్దిగా ఫెవికాల్‌తో మూశాను. కొస 3 మి.మీ. కోసేసి, లోపలినుంచి టూత్‌పిక్ దూర్చి, రాత్రంతా ఆరనిచ్చి, గరుకు కాగితంతో అరగదీసి రంగేశాను.

నాది 160 జీఎస్‌ఎం కాగితం (చదరపు మీటరుకి 160 గ్రాముల బరువుది). ఇంకా మందమైనదానికి ఇది కుదురుతుందని మాత్రం చెప్పలేను.