11 నెలల అగ్రిమెంట్ అయిపోయాక గది ఖాళీ చేయాలంటే: నోటీసు ఎప్పుడివ్వాలి, ఎలా ఇవ్వాలి

అద్దె గదికి రాసుకున్న 11 నెలల అగ్రిమెంట్ గడువు ఎప్పుడు దాటిపోయిందో చాలా ఇళ్లలో ఎవరూ చూసుకోరు. మీరు నెలనెలా అద్దె వేస్తుంటారు, ఓనర్ గారు తీసుకుంటుంటారు. ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు మాత్రం అనుమానం వస్తుంది: అగ్రిమెంటే లేదు కదా, సామాను సర్దుకుని వెళ్లిపోవచ్చా?

వెళ్లకండి. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని సెక్షన్ 116 ఇలాంటి పరిస్థితి గురించే చెబుతుంది. గడువు తీరాక కూడా మీరు గదిలో ఉండి, ఓనర్ అద్దె తీసుకుంటూ ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ అద్దె నెలవారీగా కొనసాగుతున్నట్టే. దాన్ని ఆపాలంటే నోటీసు ఇవ్వాలి. అది ఇవ్వకపోతే ‘నోటీసు నెల’ పేరుతో అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె కోస్తారు, మీ దగ్గర గట్టి జవాబు ఉండదు.

గడువు ముగిసే చివరి రోజునే వెళ్లిపోయేవాళ్ల సంగతి వేరు. కాలం తీరితే లీజు దానంతటదే ముగుస్తుంది. అయినా గడువుకు నెల ముందు తెలపాలని అగ్రిమెంట్‌లో రాసి ఉంటే ఆ మాట నిలబెట్టుకోవాలి. పీజీ హాస్టల్లో మంచం తీసుకున్నవాళ్లకు సాధారణంగా ఇది లీజు కిందికి రాదు, అక్కడ చేరేటప్పుడు సంతకం పెట్టిన నిబంధనలే చూసుకోవాలి.

ముందుగా పాత అగ్రిమెంట్ బయటికి తీయండి. నోటీసు ఎన్ని రోజులన్నది మొదట చూడాలి. నెల అని ఉంటే నెలే, రెండు నెలలని ఉంటే రెండు నెలలే. గడువు దాటాక కూడా పాత షరతులే నడుస్తున్నాయని ఓనర్ అంటారు, ఆ వాదనకు బలం ఉంది కూడా. నోటీసు ఊసే లేకపోతే సెక్షన్ 106 వర్తిస్తుంది: నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు. తర్వాత, రెన్యువల్ షరతు చదవండి. ‘గడువు తీరాక 5 శాతం పెంపుతో మరో 11 నెలలు కొనసాగును’ అని రాసి ఉండి, మీరు పెంచిన అద్దె కడుతూ వస్తుంటే, మీరు నెలవారీ అద్దెలో కాదు, రెండో గడువులో ఉన్నట్టు కావచ్చు. అప్పుడు మధ్యలో వెళ్లడానికి ఏ షరతు ఉందో చూసుకుని అడుగేయాలి. చివరగా, అడ్వాన్స్ ఎంత, దాన్ని ఎప్పుడు తిరిగివ్వాలి, పెయింటింగ్ ఖర్చు ఎవరిదన్న వాక్యాలు గుర్తుపెట్టుకోండి.

ఎక్కువమంది తప్పేది రోజుల లెక్కలో. 15 రోజులు మీరు ఉత్తరం రాసిన తేదీ నుంచి కాదు, అది ఓనర్‌కు అందిన తేదీ నుంచి నడుస్తాయి. అందిన రోజును లెక్కలోంచి వదిలేయాలి. ఉదాహరణకు అగ్రిమెంట్ జూన్ 5న మొదలైతే 11 నెలలు మే 4తో తీరతాయి. ఆ తర్వాత మీ అద్దె నెల ప్రతిసారీ 5 నుంచి 4 వరకు. సెప్టెంబరు 4న ఖాళీ చేయాలనుకుంటే, 15 రోజుల లెక్కన నోటీసు ఆగస్టు 20కల్లా ఆయన చేతికి చేరాలి. నెల నోటీసైతే ఆగస్టు 4కల్లా. పోస్టులో పంపేవాళ్లు దానిపైన ఇంకో వారం చేతిలో ఉంచుకోండి.

నోటీసు గడువు అద్దె నెల చివరి రోజుతోనే ముగియాలన్న నియమం పాత సెక్షన్ 106లో ఉండేది. 2002 సవరణతో అది పోయింది. టైపింగ్ సెంటర్లలో దొరికే పాత నమూనాల్లో మాత్రం ఆ మాట ఇంకా కనిపిస్తుంది. చట్టం అడగకపోయినా, ఖాళీ చేసే తేదీని అద్దె నెల చివరికే పెట్టుకోవడం మంచిది. పది రోజుల అద్దె ఎంత అన్న పేచీ అక్కడే ఆగిపోతుంది.

ఉత్తరం ఒక పేజీ దాటక్కర్లేదు. కారణాలు రాయొద్దు. నీళ్లు రావడం లేదని, పైఇంటివాళ్ల గోల ఎక్కువని రాస్తే అది వాదనకు దారి తీస్తుంది తప్ప నోటీసుకు బలం పెంచదు. ఇలా ఉంటే చాలు:

‘ఓనర్ గారికి నమస్కారం. ఫలానా చిరునామాలోని మీ ఇంటి మొదటి అంతస్తు గదిలో ఫలానా తేదీ నాటి అగ్రిమెంట్ ప్రకారం అద్దెకు ఉంటున్నాను. అగ్రిమెంట్ గడువు మే 4న ముగిసింది, అప్పటి నుంచి నెలవారీగా కొనసాగుతున్నాను. సెప్టెంబరు 4 నాటికి గది ఖాళీ చేసి తాళాలు అప్పగిస్తాను. దీన్ని నా నోటీసుగా స్వీకరించగలరు. ఆ రోజు గది చూసుకుని, బకాయిలేమైనా ఉంటే లెక్క చూపి, నేనిచ్చిన అడ్వాన్స్ ఇన్ని రూపాయల్లో మిగతాది నా ఖాతాకు పంపగలరు.’

కింద సంతకం, తేదీ, ఫోన్ నంబరు. తేదీల్లో సంవత్సరం తప్పకుండా వేయండి. అగ్రిమెంట్ ఇద్దరు ముగ్గురి పేర్ల మీద ఉంటే అందరూ సంతకం పెట్టాలి. రూమ్మేట్లలో ఒక్కరే వెళ్తుంటే గది మొత్తానికి నోటీసు ఇవ్వకండి. మిగిలినవాళ్ల పేరున కొత్త అగ్రిమెంట్ రాయించి, మీ వాటా అడ్వాన్స్ ఎవరు, ఎప్పుడు ఇస్తారో అందులోనే పెట్టించండి.

సెక్షన్ 106 అడిగేది సంతకంతో కూడిన కాగితం. దాన్ని పోస్టులో పంపవచ్చు, చేతికివ్వవచ్చు, ఇంట్లో ఆయన కుటుంబ సభ్యులకైనా ఇవ్వవచ్చు. అన్నిటికంటే సులువు, రెండు కాపీలు తీసుకెళ్లి ఒకటి ఇచ్చి, రెండో దానిపై ‘అందింది’ అని తేదీతో సంతకం తీసుకోవడం. సంతకం పెట్టడానికి వెనకాడితే గొడవపడకుండా పోస్టాఫీసుకు వెళ్లండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, కౌంటర్లో స్పీడ్ పోస్టుకు రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు రెండూ కావాలని అడగండి. చిరునామా అగ్రిమెంట్‌లో ఉన్నదే రాయాలి. ‘తీసుకోలేదు’ అని కవరు వెనక్కి వస్తే చింపకుండా అలాగే దాచండి, విప్పని ఆ కవరే మీకు సాక్ష్యం.

అదే ఉత్తరం ఫొటో వాట్సాప్‌లో కూడా పంపండి, కానీ దాంతోనే సరిపెట్టకండి. ఆయన ‘సరే’ అని జవాబిస్తే ఆ చాట్ తుడిచేయొద్దు. ఫోన్లో నోటిమాటగా చెప్పి ఊరుకోవడం మాత్రం అసలు పనికిరాదు.

నోటీసు ఇచ్చాక దాన్ని మీరే చెడగొట్టుకునే దారి ఒకటుంది. చెప్పిన తేదీ దాటాక కూడా గదిలోనే ఉండి, తర్వాతి నెల అద్దె కట్టారనుకోండి, ఓనర్ తీసుకున్నారనుకోండి, నోటీసు వదులుకున్నట్టే (సెక్షన్ 113). మళ్లీ మొదటి నుంచి ఇవ్వాలి. కొత్త ఇల్లు వారం ఆలస్యమైతే ‘ఫలానా తేదీ వరకే, ఇన్ని రోజులకు ఇంత’ అని ఇద్దరూ రాసుకోండి. ఆషాఢంలోనో మూఢంలోనో ఖాళీ పడితే కొత్తవాళ్లు దొరకరని ఇంకో నెల ఉండమనే ఓనర్లుంటారు. ఉండాల్సిన బాధ్యత మీకు లేదు. కానీ అలాంటి నెల వస్తోందని తెలిస్తే కాస్త ముందే చెప్పడం న్యాయం.

‘ఆఖరి నెల అద్దె అడ్వాన్సులో పట్టుకోండి’ అని మీ అంతట మీరు ఆపేయొద్దు. అది బకాయి కింద లెక్కపడుతుంది. ఓనర్ ఒప్పుకుంటే మెసేజ్‌లో పెట్టించుకోండి.

అప్పగింత పగటిపూట పెట్టుకోండి. సామాను తీసేశాక గోడలు, బాత్రూమ్ కుళాయిలు, తలుపు గడియలు, ఫ్యాను తిరగడం, అన్నీ ఒకే వీడియోలో తీయండి. కరెంటు మీటరు రీడింగు దగ్గరగా ఫొటో తీయండి. బిల్లు ఇంకా రాకపోతే, పోయిన బిల్లు మొత్తాన్ని అందులోని యూనిట్లతో భాగిస్తే యూనిట్ ధర వస్తుంది. దానితో మిగిలిన యూనిట్లకు లెక్కకట్టి అక్కడికక్కడే ఇచ్చేయండి. స్లాబుల వల్ల అసలు బిల్లు కొంచెం తేడా రావచ్చు, ఆ కాస్తకు పట్టుబట్టొద్దు.

పెయింటింగ్ దగ్గరే ఎక్కువ గొడవలు. సెక్షన్ 108 ప్రకారం గదిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి, కానీ మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు మినహాయింపు ఉంది. గోడ రంగు వెలిసిపోవడం అరుగుదల. పగిలిన వాష్‌బేసిన్, డ్రిల్లు కన్నాలు మీ ఖర్చు. అయితే ‘ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్‌కు’ అన్న షరతుకు సంతకం పెట్టి ఉంటే అది కట్టాల్సిందే.

తాళాలు, అడ్వాన్స్ ఒకే చోట, ఒకే సమయంలో చేతులు మారేలా చూడండి. తేదీ, ఎన్ని తాళాలు, మీటరు రీడింగు, ఏయే కోతలు, ఎంత తిరిగిచ్చారు అన్నవి రాసి ఇద్దరూ సంతకం చేయండి. తర్వాత ఇస్తానంటే ఏ తేదీకో ఆ కాగితంలోనే రాయించండి. డబ్బు చేతికి రాలేదని తాళాలు అట్టిపెట్టుకుంటే మాత్రం గది ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు, అద్దె నడుస్తూనే ఉన్నట్టు వాదిస్తారు. తాళాలు ఇచ్చేసి డబ్బు రాతపూర్వకంగా అడగడమే మేలు.

చెప్పిన తేదీకి రాకపోతే లెక్కతో సహా ఒక ఉత్తరం పంపి 15 రోజుల వ్యవధి ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి. కేసు వేయకముందే ఓనర్‌ను పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీ కుదిర్చే వీలుంది, దానికి కోర్టు ఫీజు ఉండదు. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100. దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువుంటుంది కాబట్టి అగ్రిమెంట్, నోటీసు కాపీ, పోస్టు రసీదు, అప్పగింత కాగితం అప్పటిదాకా ఒకే కవరులో ఉంచండి.