ప్రాక్సీ వెనుక ఉన్న జావా సర్వీసులో క్లయింట్ ఐపీ
హెచ్‌టీటీపీ సర్వ్‌లెట్ రిక్వెస్ట్‌లోని గెట్ రిమోట్ అడ్ర్ మెథడ్ నేరుగా కనెక్షన్ తెరిచిన యంత్రం చిరునామానే ఇస్తుంది కనుక, అదే యంత్రంలో ముందు ఎన్‌జింక్స్ (క్లయింట్ల రిక్వెస్ట్‌లను అందుకుని మన సర్వీసుకు చేరవేసే ప్రాక్సీ సర్వర్) ఉంటే అందరి ఐపీ సాధారణంగా 127.0.0.1 (ఆ యంత్రం తనను తాను పిలుచుకునే చిరునామా) గానే కనిపిస్తుంది. అప్పుడు రిక్వెస్ట్ ఏయే చిరునామాల నుంచి వచ్చిందో వరుసగా చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌ను చూడాలి. దాన్ని పంపమని ఎన్‌జింక్స్‌కు ముందే చెప్పి ఉండాలి. చాలామంది అందులో ఎడమవైపు మొదటి చిరునామాను తీసుకుంటారు గాని, ఆ హెడర్‌ను క్లయింటే తనకు తోచిన విలువతో పంపగలడు, ప్రాక్సీ తాను చూసిన చిరునామాను దాని చివర చేరుస్తుంది కాబట్టి, కుడి నుంచి మొదలుపెట్టి మన సొంత ప్రాక్సీలను దాటాక ఎదురయ్యే మొదటి చిరునామానే నమ్మాలి. టామ్‌క్యాట్ (జావా సర్వీసులను నడిపే సర్వర్) వాడేవారికి ఈ శ్రమ కూడా అక్కరలేదు: దాని సెట్టింగుల ఫైలైన సర్వర్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో, ఈ హెడర్‌ను తానే చదివే రిమోట్ ఐపీ వాల్వ్ చేరిస్తే, కోడ్ మార్చకుండానే గెట్ రిమోట్ అడ్ర్ మెథడే సరైన విలువ ఇస్తుంది.