పాత హెల్త్ రిపోర్టులు చదవడం, 3వ పాఠం: ఈ చావు ఏ ఊరి లెక్క?

పోయిన పాఠంలో మరణం రిజిస్ట్రార్ పుస్తకంలోకి ఎలా ఎక్కుతుందో చూశాం. ఇంగ్లండ్‌లో 1874 చట్టం ప్రకారం ఐదు రోజుల్లో కబురు చెప్పాలి, వైద్యం చేసిన డాక్టరు కారణం రాసివ్వాలి. ఆ పేర్లన్నీ కలిసి మరణాల రేటు ఎలా అవుతాయన్నది ఈసారి సంగతి.

1894 చట్టంతో వచ్చిన అర్బన్ డిస్ట్రిక్ట్ కౌన్సిళ్లకు, అంటే పట్టణాల స్థానిక పాలక సంఘాలకు, హెల్త్ ఆఫీసర్ ఏటా ఒక రిపోర్టు ఇచ్చేవాడు. లండన్ చుట్టుపక్కల ఊళ్లవి వెల్‌కమ్ లైబ్రరీ స్కాన్ చేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. ఒకటి తెరిచి పక్కన పెట్టుకోండి. 1910 ప్రాంతానిదైతే మేలు.

అందులో రేటు కనిపించగానే రాసేసుకోకండి. ముందు మరణాల పట్టిక చూడండి. కింద అంకెలు నేను కల్పించినవే.

జనాభా 12,400. ఆ ఏడాది ఊళ్లో నమోదైన మరణాలు 214. వెయ్యి మందికి 17.3 అన్నమాట. చాలా ఎక్కువే అనిపిస్తుంది. కానీ ఊళ్లో వర్క్‌హౌస్, అంటే పేదల ఆశ్రయం, ఉంది. దిక్కులేని ముసలివాళ్లు, రోగులు చుట్టుపక్కల ఊళ్లనుంచి అక్కడికే చేరతారు. అలా వచ్చి పోయినవాళ్లు 68 మంది, తీసేయండి. మన ఊరివాళ్లే బయట ఆసుపత్రుల్లో పోయింది 22 మంది, కలపండి. మిగిలింది 168. రేటు 13.5కి దిగింది. ఊరి గాలీ నీరూ ఏం మారలేదు, మారింది లెక్క ఒక్కటే!

కొందరు ఆఫీసర్లు బయటివాళ్లను తీసేస్తారు గానీ, బయట పోయిన తమవాళ్లను కలపరు. ఊరికి మంచి పేరు ఊరికే వచ్చేస్తుంది. ఆ రెండో గడి ఖాళీగా ఉంటే అనుమానించాల్సిందే.

కింద భాగించే జనాభా మాటా అంతే. జనగణన 1901లో, మళ్లీ 1911లో. మధ్య ఏళ్లకు అంచనాలే. అంచనా పెరిగితే రేటు తగ్గుతుంది.

శిశు మరణాల రేటులో ఈ జనాభా గొడవ లేదు. ఏడాది నిండకుండా పోయిన పిల్లలను ఆ ఏటి జననాలతో భాగిస్తారు. 310 జననాలకు 34 మంది పోతే వెయ్యికి 110. ముగ్గురు బతికి ఉంటే సరిగ్గా 100. చిన్న ఊళ్లో ముగ్గురు పిల్లలతోనే రేటు అంత కదులుతుంది కాబట్టి ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పకండి. పైగా ఎండలు దెబ్బతీస్తాయి: ఇంగ్లండ్, వేల్స్ మొత్తానికి 1910లో 105 ఉన్న రేటు, 1911 వేసవిలో పసిపిల్లల విరేచనాల వల్ల 130కి ఎగబాకి, 1912లో 95కి పడిపోయింది.

అభ్యాసం: జనాభా 8,600. నమోదైన మరణాలు 131, అందులో బయటివాళ్లు 19, బయట పోయిన ఊరివాళ్లు 10. రెండు రేట్లూ కట్టండి. జవాబు 4వ పాఠంలో, వయసుల తేడాను సరిదిద్దే పద్ధతితో పాటు.