కుక్కకు మోకాలి లిగమెంట్ ఆపరేషనా? తేదీ ఖాయం చేసే ముందే ఇవి చూసుకోండి

వెనక కాలు కుంటుతోందని తీసుకెళ్తే డాక్టరు మోకాలు పట్టుకుని ముందుకీ వెనక్కీ జరిపి చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు, లిగమెంట్ తెగింది, ఆపరేషన్ చేయాలి అంటారు. ఇక ఇంటిల్లిపాదికీ ఆపరేషన్ గురించే టెన్షన్. ఆపరేషన్ డాక్టరు చూసుకుంటారు. ఆ తర్వాతి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు మాత్రం పూర్తిగా మీ చేతుల్లో ఉంటాయి. బాగా చేసిన ఆపరేషన్ కూడా ఆ వారాల్లోనే పాడవుతుంది.

ఎందుకంటే, పెద్ద కుక్కలకు ఎక్కువగా చేసే టీపీఎల్‌ఓ అనే ఆపరేషన్‌లో తెగిన లిగమెంట్‌ను కుట్టరు. మోకాలి కింది ఎముక పైభాగాన్ని గుండ్రంగా కోసి తిప్పుతారు. దాంతో దాదాపు 25 డిగ్రీలుండే ఆ పైభాగం వాలు 5 డిగ్రీల దగ్గరికి తగ్గుతుంది. అలా తిప్పిన ముక్కను ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. అంటే మీ లాబ్రడార్ ఎముక విరిగిన పేషెంటు కింద లెక్క. చిన్న కుక్కలకు చాలాచోట్ల కీలు బయటి నుంచి గట్టి నైలాన్ దారం వేస్తారు. అక్కడ ఎముక కోయరు గానీ, దారం తెగకుండా ఉండాలంటే విశ్రాంతి తప్పదు.

తేదీ విషయంలో నా సలహా ఒకటే: దీపావళికి ముందు రెండు నెలల్లో పడకుండా చూసుకోండి. లక్ష్మీ బాంబు పేలగానే మంచం కిందికి దూకే కుక్కకు అప్పుడే అతుకుతున్న ఎముక గుర్తుండదు. అలాగని నెలల తరబడి వాయిదా వేయడమూ మంచిది కాదు, వదులైన కీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ నలిగిపోతుంది, కీలు అరిగిపోవడం ఎక్కువవుతుంది. తప్పనిసరిగా పండగ రోజుల్లోనే చేయించాల్సి వస్తే, భయం తగ్గించే మందు ముందే రాయించుకుని ఇంట్లో పెట్టుకోండి.

ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్ష అడిగితే ఖర్చని తప్పించుకోవద్దు. మన దగ్గర పిడుదుల జ్వరం మామూలే. దానివల్ల ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే కత్తి పెట్టాక రక్తం ఆగదు. పైగా ఆ జ్వరంలో కీళ్లు నొప్పెట్టి కూడా కుక్క కుంటుతుంది. అంతకుముందు ఎవరైనా కుంటుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే అది తప్పకుండా చెప్పాలి. స్టెరాయిడ్ మీద నొప్పి మందు పడితే కడుపులో పుండ్లు పడతాయి.

ఇప్పుడు ఇల్లు. అసలు శత్రువు మన గచ్చే. మార్బుల్, గ్రానైట్, నున్నటి టైల్స్ మీద నాలుగు కాళ్లూ బాగున్న కుక్కే జారుతుంది. పడుకునే చోటి నుంచి గుమ్మం దాకా, నీళ్ల గిన్నె దాకా రబ్బరు మ్యాట్లు పరవండి. జంపఖానా పరవకండి, కుక్కతో పాటు అదీ జారుతుంది. పాదాల మెత్తల మధ్య వెంట్రుకలు కత్తిరించండి. మంచం, సోఫా ఎక్కే దారులు మూసేయండి. లిఫ్టు లేని ఇల్లయితే 30 కిలోల కుక్కను ఎవరు మోస్తారో ముందే తేల్చుకోండి. ఆసుపత్రి నుంచి స్కూటర్ మీద కాకుండా కారులో తీసుకురండి.

బెల్టుతో కట్టి బయటికి తీసుకెళ్లి పని ముగించుకుని రావడం, బోనులోనో చిన్న గదిలోనో కదలకుండా పడుకోవడం ముందే అలవాటు చేయండి. మొదటి రెండు వారాలు ఒంటికీ రెంటికీ తప్ప బయటికి వద్దు. నడిపించేటప్పుడు పొత్తికడుపు కింద తువ్వాలు వేసి రెండు కొసలూ పైకి పట్టుకుంటే వెనక భాగం బరువు మీ చేతి మీద ఉంటుంది. వీధికుక్కలు మీదికొచ్చే సందులో మాత్రం నడిపించొద్దు, ఒక్క గుంజుడు చాలు.

మెడకు ప్లాస్టిక్ కాలర్ వేస్తే ముఖం దిగాలుగా పెడుతుంది. జాలిపడి తీశారో, కుట్లు నాకేస్తుంది. కుట్లు విప్పేదాకా, అంటే పది పధ్నాలుగు రోజులు ఉంచాల్సిందే.

అసలు గండం మూడో వారం. నొప్పి తగ్గి కాలు ఆనిస్తుంది, కళ్లలో హుషారు వస్తుంది, "తగ్గిపోయిందిగా" అని ఇంట్లో పెద్దవాళ్లు గొలుసు విప్పేస్తారు. ఎముక అతకలేదని వాళ్లకు ముందే గట్టిగా చెప్పి ఉంచండి. ఎనిమిదో వారం ఎక్స్‌రే చూసి డాక్టరు సరే అనేదాకా పరుగు, మెట్లు, గెంతడం లేవు. కదలిక తగ్గిందిగా, అన్నం కూడా తగ్గించండి. చాలా కుక్కలకు రెండో కాలి లిగమెంట్ కూడా తర్వాత తెగుతుంది, బరువు పెరిగితే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

పిల్లుల లెక్క వేరు. ఈ ఒక్క లిగమెంటే తెగితే కొన్ని పిల్లులు విశ్రాంతితోనే కోలుకుంటాయి, బాల్కనీ నుంచి పడి రెండు మూడు తెగితే మాత్రం ఆపరేషన్ కావాలి. మత్తుకు ముందు గుండె చూపించండి. ఇంటికొచ్చాక ఫ్రిజ్ మీదికి, అల్మరా మీదికి ఎక్కకుండా పెద్ద బోనులో ఉంచి, అంచు తక్కువున్న ట్రే పెట్టండి. రెండు రోజులు తిండి ముట్టకపోతే ఆగొద్దు, కాలేయం దెబ్బతింటుంది.

మన మందుల డబ్బా మాత్రం తెరవకండి. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపునూ కిడ్నీలనూ పాడుచేస్తాయి. ఆనిస్తున్న కాలు ఉన్నట్టుండి ఎత్తేసినా, కుట్ల దగ్గర వాపు పెరిగినా, చీము కారినా, నడుస్తుంటే మోకాలిలో టక్కుమని వినిపించినా ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి.